మోటారు సైకిలునకు తేలిక బ్యాటరీ: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

వనపర్తి జిల్లా గోపాల్‌పేట మండలములో తెల్లవారుజామున ఏ గ్రామమున నిలిచి విన్నను మొదట వినవచ్చునది మోటారు సైకిలు చప్పుడే. పాలు కేంద్రమునకు చేర్చువారు, పొలమునకు పోయి బోరు మోటారు వేయువారు, వేరుశనగ బస్తా వెనుక కట్టుకొని బయలుదేరువారు అందరును ఆ వాహనమునే నమ్ముకొనియున్నారు. ఒకప్పుడు సంస్థాన కేంద్రమైన గోపాల్‌పేటకు పనిబడి వచ్చువాడు ఎడ్లబండి కట్టుకొని రావలసియుండెను. నేడు మీట నొక్కిన చాలును, బండి కదలును. ఆ మీట వెనుక నుండి పనిచేయునది సీటు క్రింద కంటికి కనబడక యుండు బ్యాటరీ.

ఈ బ్యాటరీని గూర్చి ఇటీవల గ్రామములలో ఒక క్రొత్త ప్రశ్న వినవచ్చుచున్నది. “సీసపు బ్యాటరీ తీసివేసి లిథియం బ్యాటరీ వేయింపవచ్చునా? అది మూడవ వంతు బరువే యుండునట, నీరు పోయనక్కర లేదట, పదేండ్లు వచ్చునట” అని యువకులు అడుగుచున్నారు. ఇది ఎవరి బండికి సంబంధించిన విషయము వారిదే గదా, పంచాయతీకి దీనితో పనియేమి అని కొందరికి తోచవచ్చును. కాని క్రొత్త బ్యాటరీ బండిలోనికి వచ్చిన నాడే పాత బ్యాటరీ ఇంటి గోడ ప్రక్కకు చేరును. ఆ పాతదానిలో సుమారు ఒక కిలో సీసమును, దానితోపాటు ఘాటైన ఆమ్లమును ఉన్నవి. అది అక్కడినుండి ఎక్కడికి పోవును అనునది గ్రామమంతటికి సంబంధించిన ప్రశ్న. కావున క్రొత్తదాని మంచిచెడ్డలను, పాతదాని గతిని కలిపియే ఆలోచింపవలెను.

సీసపు బ్యాటరీ పనిచేయు విధము

సీసపు బ్యాటరీ క్రొత్త వస్తువు కాదు. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని కనిపెట్టెను. గంధకికామ్లము కలిపిన నీటిలో సీసపు పలకలు ఉండును. విద్యుత్తు ఖర్చగు కొలదియు ఆ పలకలపై సీసపు సల్ఫేటు పేరుకొనును. ఇంజను నడచి ఛార్జింగు ఎక్కినప్పుడు అది మరల కరగిపోవును. ఒక్కొక్క అర సుమారు 2 వోల్టులు ఇచ్చును. అట్టివి ఆరు చేర్చిన 12 వోల్టుల బ్యాటరీ యగును. నేడు వచ్చు బండ్లలో చాలవరకు మూతవేసిన బ్యాటరీలే. వానికి నీరు పోయనక్కర లేదు. అందుచేత “నీరు పోయు బాధ తప్పును” అను లాభము లిథియమునకు మాత్రమే చెందినది కాదని గ్రహింపవలెను.

సీసపు బ్యాటరీకి పెద్ద శత్రువు ఖాళీగా నిలిచియుండుట. ఛార్జింగు లేక నెలల తరబడి పడియున్నచో పలకలపై పేరుకొనిన సల్ఫేటు గట్టిపడి మరల కరగదు. ఎండ తీవ్రత హెచ్చిన కొలదియు లోపలి విద్యుత్తు తనంతట తానే త్వరగా తరిగిపోవును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ప్రాంతములో బ్యాటరీలు త్వరగా చెడుటకు ఇది యొక కారణము.

లిథియం తేలిక యగుటకు కారణము

లోహములన్నిటిలో తేలికయైనది లిథియం. మిక్కిలి బరువైన లోహములలో సీసము ఒకటి. ఒక ఘన సెంటీమీటరు సీసము 11 గ్రాములకు మించి తూగగా, అంతే లిథియం సుమారు అర గ్రాము మాత్రమే తూగును. ఐతే లిథియం బ్యాటరీలో లిథియం ముద్దలు ఉండవు. లిథియం కణములు ఒక పలకనుండి రెండవ పలకకు పోవుచు వచ్చుచు ఉండుటయే దాని పని. ఈ పద్ధతిలో ఒక్కొక్క సెల్లు సీసపు అరకంటె ఎక్కువ వోల్టులు ఇచ్చును. బరువైన సీసపు పలకలతో పనిలేదు. కావున ఒక కిలో బరువులో ఇమిడెడు విద్యుత్తు రెండు మూడు రెట్లు అధికము.

ఈ రకము బ్యాటరీలను 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ మొదట బజారులోనికి తెచ్చెను. మోటారు సైకిళ్లకు వాడునది వీనిలో ఒక ప్రత్యేకమైన తెగ. దానిని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అందురు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున జాన్ గుడ్ఎనఫ్ బృందమువారు దీనిని 1997లో ప్రకటించిరి. లిథియం బ్యాటరీల అభివృద్ధికి గాను ఆయనకును మరి ఇద్దరికిని 2019లో రసాయన శాస్త్రమునందు నోబెల్ బహుమతి లభించెను. ఈ తెగలో ఇనుము, ఫాస్ఫేటు వాడుటచేత ఇతర లిథియం తెగలకంటె వేడికి ఎక్కువ ఓర్చుకొనును. ఒక్కొక్క సెల్లు 3.2 వోల్టులు, నాలుగు చేర్చిన 12.8 వోల్టులు. ఈ లెక్క సీసపు బ్యాటరీ లెక్కకు దగ్గరగా నుండుటచేతనే ఒకదాని స్థానమున మరియొకటి పెట్టుట సాధ్యమైనది.

ఈ విద్య మనకు దూరపుదని తలపనక్కర లేదు. హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనా కేంద్రము ఈ ఐరన్ ఫాస్ఫేట్ పొడిని స్వదేశములో తయారుచేయు విధానమును రూపొందించినది. మన పూర్వపు ఉమ్మడి జిల్లాలోనే, మహబూబ్‌నగర్ దాపున దివిటిపల్లి వద్ద, అమరరాజా సంస్థ లిథియం సెల్లుల కర్మాగారమునకు 2023 మే 6న శంకుస్థాపన జరిగినది. పదేండ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో నిర్మింపదలచిన ప్రణాళిక అది. కావున నేడు కొందరి బండ్లలో మాత్రమే కనబడు ఈ వస్తువు రేపు ప్రతి వీధిలోను ఉండగలదు. దానిని గూర్చి తెలిసికొనుటకు ఇదే తగిన సమయము.

బరువు తగ్గిన ఎవరికి లాభము?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. నూరు, నూటపాతిక సి.సి. బండిలో బ్యాటరీ బరువు సాధారణముగా రెండు కిలోలకు మించదు. లిథియం వేసిన ఒక కిలో, మహా ఐన కిలోంబావు తగ్గును. పందెములలో పరుగెత్తు బండికి ఆ కిలో విలువైనదే. కాని నూరు కిలోలకు పైబడిన బండిమీద ఇద్దరు మనుష్యులును, ఒక బస్తాయును, రెండు పాల క్యానులును ఎక్కునప్పుడు ఒక కిలో తగ్గుటచేత పెట్రోలు ఆదా కనబడదు. తేలికదనము కొరకే లిథియం కొనువాడు మన పల్లెలో డబ్బు వృథా చేసికొన్నవాడే యగును.

మిగిలిన లాభములు ఉన్నవి. సరిగా వాడినచో లిథియం బ్యాటరీ సీసపుదానికంటె చాలకాలము మన్నును. ఇంజను త్రిప్పునప్పుడు ఒక్కసారిగా ఎక్కువ శక్తి నిచ్చును. లోపల ఆమ్లము లేదు గనుక ఒలికి బండిని తినివేయదు. ఐతే ధర పలు రెట్లు ఎక్కువ. ఒక లెక్క వేసి చూతము. సీసపు బ్యాటరీ 1,500 రూపాయలై మూడేండ్లు వచ్చెననుకొందము. లిథియంది 5,000 రూపాయలైనచో, కనీసము పదేండ్లు వచ్చిన గాని రెండును సమానము కావు. బండియే పదేండ్లు ఉంచుకొననివానికి ఈ బేరము గిట్టదు. ప్రతిదినము బండి నడుపు రైతునకు మంచి సీసపు బ్యాటరీయే చాలును.

నిలిపియుంచు బండ్ల సంగతి

పాలమూరు పల్లెలలో మరియొక తెగ బండ్లు ఉన్నవి. ఇంటివారు పనులకై హైదరాబాదునకో, బొంబాయికో, పూనాకో వలసపోవుదురు. బండి నెలల తరబడి వసారాలో నిలిచియుండును. పండుగకు వచ్చి మీట నొక్కిన పలుకదు. ఏటేట క్రొత్త బ్యాటరీ కొనవలసి వచ్చును. ఇట్టివారికి లిథియం మేలు చేయగలదు. అది తనంతట తాను తరిగిపోవుట స్వల్పము; సల్ఫేటు గట్టిపడు జబ్బు దానికి లేదు.

ఐనను ఇచట రెండు మెలకువలు అవసరము. కొన్ని లిథియం బ్యాటరీలపై ముద్రించు ఆంపియర్-గంటల సంఖ్య నిజమైన నిల్వ కాదు. “ఇంజను త్రిప్పుటలో ఇంత సీసపు బ్యాటరీకి సరితూగును” అని తెలుపు అంకె మాత్రమే అది. నిజమైన నిల్వ అందులో మూడవ వంతు ఉండవచ్చును. బండికి దొంగల అలారమో, గడియారమో ఉన్నచో అవి ఆ చిన్న నిల్వను త్వరగా పీల్చివేయును. పూర్తిగా ఎండిపోయిన లిథియం సెల్లు మరల కోలుకొనుట కష్టము. కావున ఊరు విడచి పోవునప్పుడు బ్యాటరీయొక్క నెగటివు తీగను విప్పి పోవలెను. ఈ పని సీసపు బ్యాటరీకి కూడ మేలు చేయును. పైకము పెట్టి బ్యాటరీ మార్చుటకు ముందు, ఖర్చులేని ఈ ఉపాయమును ఒక ఏడు పాటించి చూచుట తెలివైన పని.

మార్చుటకు ముందు చూడవలసినవి

మార్చదలచినవారు మెకానిక్కు మాటను మాత్రమే నమ్మక, ఈ క్రింది విషయములను తామే దగ్గరనుండి చూచుకొనవలెను.

1. ఛార్జింగు వోల్టులు. ఇంజను నడిపించి, కొంచెము వేగము పెంచి, బ్యాటరీ కొనలవద్ద మల్టీమీటరు పెట్టి చూడవలెను. 13.6 నుండి 14.6 వోల్టుల వరకు చూపిన మంచిది. 13.5కు తగ్గినచో లిథియం బ్యాటరీ నిండదు. 15 దాటినచో బండియొక్క రెగ్యులేటరు చెడియున్నదని అర్థము. అట్టి బండిలో లిథియం ఎంతమాత్రము పెట్టరాదు. సీసపు బ్యాటరీ హెచ్చు వోల్టులకు నీరు ఆవిరియై కొంతకాలము ఓర్చుకొనును. లిథియంకు ఆ ఓర్పు లేదు. 6 వోల్టుల పాత బండ్లకు ఈ బ్యాటరీ పనికిరాదు.

2. రక్షణ చక్రము. సెల్లులన్నియు సమముగా నిండునట్లు చూచి, హెచ్చుతగ్గులలో తనంతట తానే ఆపివేయు చిన్న విద్యుత్ పలక బ్యాటరీ లోపల ఉండవలెను. అది లేని చౌక సరకును కొనరాదు. బిల్లు, గ్యారంటీ కాగితము తప్పక తీసికొనవలెను. బండి క్రొత్తదైనచో, బ్యాటరీ మార్చుటచేత దాని గ్యారంటీ పోవునా అని ముందే విచారింపవలెను.

3. అమరిక. లిథియం బ్యాటరీ సాధారణముగా చిన్నది. పెట్టెలో వదులుగా నున్నచో గతుకుల బాటలో కదలి, దాని కొన ఇనుమునకు తగిలి నిప్పు రేగవచ్చును. చుట్టును రబ్బరు ముక్కలో, గట్టి స్పాంజియో పెట్టి బిగింపవలెను.

4. విప్పు వరుస. విప్పునప్పుడు ముందు నల్లని నెగటివు తీగను, తరువాత ఎర్రని పాజిటివు తీగను విప్పవలెను. బిగించునప్పుడు ముందు ఎరుపు, చివర నలుపు. బండి ఇనుమంతయు నెగటివుతో కలిసియుండును. ముందుగా ఎర్రదానిని విప్పునప్పుడు పానా ఇనుమునకు తగిలినచో మెరుపు లేచును. వరుసకు కారణము ఇదియే.

5. ఛార్జరు. సీసపు బ్యాటరీలను బాగుచేయుటకై హెచ్చు వోల్టులతో కొట్టు ఛార్జర్లను లిథియంకు తగిలింపరాదు. దానికి తగిన ఛార్జరునే వాడవలెను.

ఇంకొక తేడాను రాత్రివేళ పొలము బాటల వెంట పోవువారు గుర్తుంచుకొనవలెను. సీసపు బ్యాటరీ చెడుటకు ముందు హెచ్చరిక చేయును. హారను గొంతు తగ్గును, స్టార్టరు మందగించును. లిథియం చివరివరకు దిట్టముగా నుండి ఒక్కసారిగా ఆగిపోవును. మీటరు పెట్టి చూచినను సగము నిల్వకును, నిండు నిల్వకును వోల్టులలో తేడా చాల స్వల్పము. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 నియమముల తరువాత వచ్చిన బండ్లలో పెట్రోలును ఇంజనులోనికి పంపునది కూడ విద్యుత్తే. అందులో కొన్నిటికి కిక్కు రాడ్డు లేదు. అట్టి బండికి బ్యాటరీ ఆగిన, నడక తప్ప వేరు దారి లేదు.

అగ్ని భయము ఎంతవరకు నిజము?

లిథియం పేరు వినగానే ప్రేలుడు వార్తలు స్ఫురించుట సహజము. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులోను, విజయవాడలోను ఇండ్లలో ఛార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు ప్రేలి ప్రాణనష్టము జరిగెను. అదే సంవత్సరము సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో, విద్యుత్ ద్విచక్ర వాహనముల దుకాణమున్న భవనమున మంటలు రేగి ఎనిమిదిమంది మరణించిరి. ఆ పిదప కేంద్ర ప్రభుత్వము విద్యుత్ వాహనముల బ్యాటరీలకు భద్రతా నియమములను 2022 డిసెంబరు, 2023 మార్చి నెలలలో రెండు విడతలుగా కఠినము చేసెను.

కాని రెండింటిని ఒకే గాట కట్టరాదు. ఆ స్కూటర్లలో బండిని నడుపునదే బ్యాటరీ. మనము చెప్పుకొనుచున్నది ఇంజనును త్రిప్పుటకు మాత్రమే పనికివచ్చు చిన్న బ్యాటరీ. రెండువేల వాట్-గంటల స్కూటరు బ్యాటరీలో పట్టు శక్తితో పోల్చినచో దీనిలో నలుబదవ వంతు మాత్రమే ఉండును. తెగ కూడ వేడికి ఓర్చునది. ఐనను ఉబ్బిన బ్యాటరీని, చేయి పెట్టలేనంత వేడెక్కినదానిని, వింత వాసన వచ్చుదానిని ఒక్క గడియయైన వాడరాదు. బండిని గడ్డివాములకు, ఇంటికి దూరముగా నిలుపవలెను. మంట లేచినచో పెట్రోలు ట్యాంకు ప్రక్కనే యున్నదని మరువక, అందరిని దూరము జరిపి 101కి ఫోను చేయవలెను. రాత్రి పడుకొను గదిలో ఏ లిథియం బ్యాటరీని ఛార్జింగునకు పెట్టరాదు.

పాత సీసము ఎక్కడికి పోవలెను?

సీసపు బ్యాటరీనే మరల కొనువాడు పాతదానిని దుకాణములో ఇచ్చి ధర తగ్గింపు పొందును. ఆ పాత బ్యాటరీ కంపెనీ ద్వారా కరగించు కర్మాగారమునకు చేరును. సీసమును ఎన్నిసార్లైనను కరగించి వాడవచ్చును గనుక ఇది మంచి ఏర్పాటు. లిథియం కొన్నవానికి ఈ గొలుసు తెగిపోవచ్చును. ఫోనులో ఆర్డరు చేసి తెప్పించుకొన్నచో పాతదానిని పుచ్చుకొనువాడు ఎవడును ఉండకపోవచ్చును. అది ఇంటి మూలకు చేరును. పిమ్మట పాత సామానువానికి పోవును. ఒక్కొక్కచోట సమ్మెటతో పగులగొట్టబడును. ఆమ్లము మోరీలోనికి, సీసము పొయ్యిమీదికి, దాని పొగ ఇండ్లలోనికి పోవును.

సీసపు విషము కొద్దికొద్దిగా చేరునప్పుడు తరచుగా వెంటనే గుర్తులు చూపదు; మోతాదు హెచ్చినచో కడుపునొప్పి, వాంతులు కలుగవచ్చును. నెమ్మదిగా పిల్లల మెదడును కుంగదీయును. చదువులో వెనుకబడుట, రక్తహీనత, చిరాకు దాని గుర్తులు. వీనిని చూచి సీసమును అనుమానించువారు అరుదు. పెద్దల శరీరముకంటె పిల్లల శరీరము సీసమును నాలుగైదు రెట్లు అధికముగా పీల్చుకొనును. ఇంత సీసము ఉన్నను హాని లేదు అను మేర ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపియున్నది. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారము, ప్రపంచములో ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తములో, అనగా సుమారు 80 కోట్లమంది పిల్లల రక్తములో, డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని సీసమున్నది. పాత బ్యాటరీలను అడ్డదిడ్డముగా కరగించుట ఇందుకు ముఖ్య కారణములలో ఒకటి అని ఆ నివేదిక చెప్పినది.

చట్టము ఈ విషయమున స్పష్టముగా ఉన్నది. 2001 నాటి నియమములు సీసపు బ్యాటరీలకే వర్తించెడివి. వాని స్థానమున వచ్చిన 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు లిథియంతో సహా అన్ని తెగలకును వర్తించును. పాత బ్యాటరీలను సేకరించి మరల వినియోగమునకు తెచ్చు బాధ్యత తయారీదారులపై ఉన్నది. వానిని పూడ్చుట, కాల్చుట నిషిద్ధము. వాడినవారు సైతము పాత బ్యాటరీని ఇంటి చెత్తలో కలపక, సేకరించు సంస్థకు అప్పగింపవలెను. బ్యాటరీపై చక్రముల చెత్తబుట్ట మీద కొట్టివేత గుర్తు ఉండును. “దీనిని చెత్తలో వేయకుడు” అని చదువురానివారికిని తెలుపుటకే ఆ గుర్తు.

పంచాయతీ చేయదగిన పని

ఇందుకు పెద్ద నిధులు అవసరము లేదు. గ్రామసభలో ఒక తీర్మానము చేసి, పాత బ్యాటరీలను ఊరిలో పగులగొట్టుట, కరగించుట కూడదని ప్రకటింపవచ్చును. చెత్త ట్రాక్టరు వెంట పోవు పారిశుద్ధ్య కార్మికులకు ఆ కొట్టివేత గుర్తును చూపి, అట్టివి దొరికినచో తడి చెత్తలో గాని పొడి చెత్తలో గాని కలపవలదని చెప్పవలెను. చెత్త వేరుచేయు షెడ్డులో వీనికై మూతగల ప్లాస్టిక్ డబ్బాలు రెండు పెట్టవలెను, ఒకటి సీసమునకు, రెండవది లిథియంకు. లిథియంవాని కొనలకు టేపు అంటించి పెట్టవలెను. సీసపువానిని తలక్రిందు చేయక నిలువుగా ఉంచవలెను. డబ్బాలు నిండిన పిమ్మట వానిని అధికారము గల సేకరణదారునకు గాని, బ్యాటరీ దుకాణదారునకు గాని అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. ఊరి మెకానిక్కులను ఒకసారి పిలిచి మాట్లాడుట వీనికన్న ముఖ్యము. క్రొత్తది బిగించు చేయియే పాతది విప్పును గనుక, అది ఎక్కడికి పోవునో మొదట తెలియునది వారికే.

లిథియం బ్యాటరీని వద్దని ఎవరికిని చెప్పనక్కర లేదు. తప్పక వేయింపుడని ప్రోత్సహింపనక్కరయు లేదు. తన బండి ఛార్జింగును కొలిపించి, తన వాడుకను లెక్కవేసి, గిట్టునన్నవాడు వేయించుకొనును. ఐతే క్రొత్త బ్యాటరీ కొనుటకు పైకము తీయునప్పుడే “పాతదానిని ఎవరికి ఇచ్చితివి?” అను ప్రశ్న గ్రామమున ప్రతివానికి వినబడవలెను. ఆ ప్రశ్న అడుగుటకు తగినవారు పంచాయతీ సభ్యులే. గోడ ప్రక్కన పడియున్న ఆ నల్లని పెట్టె, అక్కడ ఆడుకొను బిడ్డ చేతికి చిక్కకముందే దానిని తగినచోటికి చేర్చుట వారి చేతిలోని పని.